దాహం లేని చెట్టు

అమెరికాలోని ఉత్తర కరోలినా పశ్చిమ కొండల్లో, సముద్రమట్టానికి 3,000 అడుగులకు పైన, పదేళ్ళకు పైగా గాలికీ మంచుకూ ఓర్చి పెరిగిన ఒక క్రిస్మస్ చెట్టు, ఫ్రేజర్ ఫర్ అనే జాతిది, కేరీ పట్టణంలోని మా బావగారి హాల్లో క్రిస్మస్ దాకా కూడా నిలవలేకపోయింది. అందులో చెట్టు తప్పేమీ లేదని మొదటే మనవి చేస్తున్నాను.

కొనేటప్పుడు పరీక్షలో ఏ లోపమూ జరగలేదు. బావగారు ఒక కొమ్మను వేళ్ళ మధ్య పట్టుకుని చివరిదాకా దువ్వి చూశారు. పచ్చటి ఆకు ఒక్కటీ ఊడలేదు. కాండాన్ని నిలబెట్టి నేలకు కొడితే లోపలి ఎండుటాకులు నాలుగు రాలాయి, అది మామూలేనని అమ్మే కుర్రవాడు చెప్పాడు. చిక్కల్లా ఆ కుర్రవాడు రంపం అందుకుని, చెట్టు మొదలు అర అంగుళం కోసి ఇస్తానన్నప్పుడు వచ్చింది. నరికిన చెట్టు మొదలు మీద కొన్ని గంటలకే బంక పేరుకుని నీటిదారులు మూసుకుపోతాయనీ, అందుకే కొత్తగా కోత వేసి, ఆరేడు గంటలు దాటకుండా నీళ్ళలో నిలబెట్టాలనీ అతను ఎంతో ఓపికగా వివరించి, అవే మాటలు అచ్చువేసిన కాగితం కూడా చేతికిచ్చాడు. అయితే ఆ అంగట్లో చెట్టు ధర అడుగుల లెక్కన ఉంది. "అడుగుకింతని డబ్బు పుచ్చుకుని, అర అంగుళం నీ దగ్గరే అట్టిపెట్టుకుంటావా?" అని బావగారు తెలుగులో గొణిగి, ఇంగ్లీషులో వద్దన్నారు.

ఆయన సొంత ఊరు బాపట్ల. ఆయన చిన్నతనంలో వాళ్ళింట్లో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. దాన్ని ఇసుక నింపిన బకెట్లో గుచ్చి, రంగుకాగితాలూ దూదీ అంటిస్తే పండుగ వెళ్ళిపోయేది. ఆ కొమ్మకు నీళ్ళు పోసిన మనిషిని ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ఇంటికి చేరాక చెట్టు మొదలు, నీళ్ళు పోసి చెట్టును నిలబెట్టే స్టాండులో పట్టలేదు. స్టాండు మార్చుకురమ్మని మా అక్క అంటూనే ఉంది, ఈలోగా బావగారు కత్తి తెచ్చి, చెరుకు ముక్క చెక్కినట్టు చుట్టూ బెరడు చెక్కి పారేశారు. చెట్టు నీళ్ళు పీల్చేది ముఖ్యంగా బెరడుకు ఆనుకుని ఉన్న పొరల్లోంచే కాబట్టి, బంక మూయగా మిగిలిన దారులేమైనా ఉంటే వాటి పని కత్తి పూర్తిచేసింది. తరువాత చెట్టును వీధిలోవాళ్ళకు కనబడాలని కిటికీ పక్కన నిలబెట్టారు. ఆ కిటికీ కిందే నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉంది. దానికీ చెట్టుకూ కనీసం మూడడుగుల ఎడం ఉండాలని అక్క అంటే, చలికి చెట్టు మాత్రం వణకదా అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు.

ఇక దీపాల సంగతి. 1882 డిసెంబరులో న్యూయార్కులో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి క్రిస్మస్ చెట్టుకు 80 విద్యుద్దీపాలు కట్టాడు. బావగారు అటక మీద నుంచి దింపిన దండ ఆ 80లో మిగిలినదేమోనని నా అనుమానం. వేడెక్కని ఎల్‌ఈడీ దండ కొనుక్కోవచ్చు గాని, పాతది వెలుగుతున్నంతకాలం కొత్తది కొనడం ఆయన సిద్ధాంతానికి విరుద్ధం.

ప్రతి ఉదయం బావగారు కొమ్మల కిందికి దూరి, స్టాండులో వేలు ముంచి చూసి, "ఎక్కడి నీళ్ళు అక్కడే ఉన్నాయోయ్, మన చెట్టుకు దాహం లేదు" అని సగర్వంగా ప్రకటించేవారు. మొదలు ఎన్ని అంగుళాల మందముంటే రోజుకు సుమారు అన్ని లీటర్లు తాగుతుందనీ, మన చెట్టు అయిదంగుళాలదనీ అక్క ఆ కాగితం చూసి చదివితే, "అవి అమెరికా లెక్కలే" అన్నారు. చెట్టు కూడా అమెరికాదేనని గుర్తుచేసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

చెట్టు వాడిపోవడం ముందుగా కనిపెట్టినవారు బావగారి తల్లి, మా అత్తయ్యగారు. పెరట్లో కరివేపాకు మొక్కను బతికించిన అనుభవంతో ఆవిడ ఎవరికీ చెప్పకుండా రోజూ బియ్యం కడిగిన నీళ్ళు స్టాండులో పోస్తూ వచ్చారు. ఈ చెట్టుకు కావలసింది ఉత్త నీళ్ళే. చక్కెరా, ఆస్పిరినూ, కుడితీ ఏదీ అక్కరలేదు. డబ్బు పోసి కొన్న అడవి పరిమళం పోయి ఇల్లంతా పులిసిన వాసన ఆవరించింది. బావగారు ఫ్రిజ్‌ను అనుమానించి రెండుసార్లు కడిగించారు.

తెలుగు సంఘం వాళ్ళు క్యారల్స్‌కు వచ్చిన రాత్రి పాతికమంది ఒక్కసారిగా హాల్లోకి వచ్చారు. ఢోలక్ మీద మొదటి దెబ్బ పడగానే కిటికీ వైపు కొమ్మ ఒకటి బోడిదైపోయింది. రెండో చరణానికి ఆకులు గులాబీ పువ్వుల పిండివంట పళ్ళెంలోనూ, టీ కప్పుల్లోనూ, ముందువరసలో ఉన్నవారి కొప్పుల్లోనూ పడ్డాయి. ప్రార్థన సాగుతున్నంతసేపూ అందరూ కళ్ళు మూసుకున్నారు గాని, చెవులు మూసుకోలేరు గదా! ఆకులు సన్నగా రాలుతున్న చప్పుడు ఆగనేలేదు. ఆమేన్ అనగానే పాస్టరుగారు ఒక బల్బును ముట్టుకుని, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, మరో మాట లేకుండా ప్లగ్గు ఊడబీకారు. ఎండిన చెట్టుకు నిప్పంటుకుంటే గదంతా మంటలు కావడానికి నిమిషం కూడా పట్టకపోవచ్చని ఆయన నెమ్మదిగా చెబుతుంటే, అత్తయ్యగారు తన కుర్చీని తలుపు దగ్గరికి జరుపుకున్నారు. నలుగురు కుర్రవాళ్ళు చెట్టును అడ్డంగా ఎత్తి, ఆఖరి చరణం పాడుకుంటూనే బయటికి మోసుకుపోయారు. వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆ రాత్రే పూడుకుపోయింది.

మర్నాడు కొత్త చెట్టుకు అక్కే వెళ్ళింది. మొదలు నిండు అంగుళం కోయించింది, పెద్ద స్టాండు కొన్నది, జాలీకి దూరంగా గది మూలన పెట్టించింది. పడుకునే ముందు దీపాలు ఆర్పే బాధ్యత తనే తీసుకుంది. ఆ చెట్టు తెల్లవారేసరికి నాలుగు లీటర్ల నీళ్ళు తాగేసింది. బావగారు మాత్రం స్టాండుకు ఎక్కడో చిల్లు పడి ఉంటుందని టార్చిలైటు పట్టుకుని ఇంకా వెతుకుతూనే ఉన్నారు.