సవరణ: సిరోంచ పెరట్లోని చెట్టు ఎర్రచందనం కాదు, యేగి

మహారాష్ట్రలోని మా సిరోంచలో పక్కింటి పెరట్లోని లేతచెట్టు ఎర్రచందనమని, దాన్ని ఇంట్లో పెంచడమే నేరమని మొన్న రాశాను, రెండూ తప్పే. అది యేగి, ఎర్రచందనానికి దగ్గరి చుట్టమైన చెట్టు; బెరడు గీస్తే కారే ఎర్రటి జిగురు దానికీ ఉంటుంది. తేడా ఆకులో చూడాలి: ఎర్రచందనానికి ఒక్కో ఈనెకు మామూలుగా మూడు చిట్టి ఆకులు, యేగికి ఐదు నుంచి ఏడు, కొసన చిన్న నొక్కుతో. అటవీశాఖలో పనిచేసిన ఒక పెద్దాయన రెమ్మ చూసి యేగేనన్నారు, మరాఠీలో బీజా. ఇక చట్టం సంగతి. పెంచడానికి అడ్డు లేదు, ఎర్రచందనమైనా సరే. కానీ మహారాష్ట్ర 1964 చెట్ల నరికివేత నియంత్రణ చట్టం షెడ్యూల్‌లో టేకు, ఇప్పలతో పాటు బీజా కూడా ఉంది కాబట్టి, సొంత స్థలంలో ఉన్నా సరే నరకాలంటే ముందుగా ట్రీ ఆఫీసర్ అనుమతి తీసుకోవాలి. నా పోస్టు చూసి టెన్షన్ పడి ఎవరూ మొక్క పీకేయకండి, దయచేసి.