ఎముక అతికింది సరే, కండ సంగతేంటి?

బండి మీంచి పడ్డ కుర్రాడికి కాల్లో రాడ్ వేస్తారు, చర్మం పోయిన చోట తొడ మీంచి తీసి గ్రాఫ్టింగ్ చేస్తారు, కొన్ని నెలలకి ఎక్స్‌రే చూసి ఎముక బాగా అతికింది ఇక నడువు అంటారు. నడుస్తాడు కూడా. కానీ మోకాలి కింద ముందువైపు కండ ఆ రోజు రోడ్డు మీదే పోయింది కాబట్టి పాదం పైకి లేవదు, నాలుగడుగులకోసారి చెప్పు జారి వెనకే ఉండిపోతుంది, ఇది ఎక్స్‌రేలో కనపడదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు అని కేంద్ర రవాణా శాఖే చెప్పింది, మరి ఆ గాయపడ్డోళ్ళలో ఎంతమందికి కండ పోయిందో చెప్పే కాలమ్ ఆ లెక్కలో లేదు.

మామూలు దెబ్బైతే కండ దానంతటదే మానుతుంది. కండ పోగుల అంచుల్లో శాటిలైట్ సెల్స్ అని నిద్రపోతున్నట్టు ఉంటాయి, 1961లో అలెగ్జాండర్ మౌరో వీటిని కప్ప కండలో చూశాడు, దెబ్బ తగలగానే ఇవి లేచి కొత్త పోగులు కడతాయి. కానీ ఒకేసారి ఐదో వంతు కండ ఊడిపోతే ఆ కణాలూ పోతాయి, అవి పట్టుకుని పాకే పందిరీ, అంటే కణాల చుట్టూ ఉండే అల్లికా పోతుంది, పందిరి లేకుండా బీరతీగ మాత్రం ఎక్కడికని పాకుతుంది? ఆ ఖాళీని గట్టి మచ్చ నింపేస్తుంది.

ఆ పందిరి స్థానంలో పెడదామనుకుంటున్నదే హైడ్రోజెల్. సబ్జా గింజలు నానేస్తే చుట్టూ జిగురు పొర ఉబ్బుతుంది కదా, దాదాపు అలాంటిదే, చాలావరకు నీళ్ళే అయినా కారిపోకుండా నిలబడుతుంది. ఇలాంటి జెల్ చేయడానికి జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం) చవక, కణాలు దాన్ని బాగా పట్టుకుంటాయి కూడా, కాకపోతే ఒంటి వేడికే కరిగిపోతుంది, అందుకని రసాయనికంగా కొంచెం మార్చి లైటు వేసి గట్టిపరుస్తారు. ఎంత గట్టిగా అన్నదగ్గరే అసలు పనితనం ఉంది. 2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో హెలెన్ బ్లావ్ ల్యాబ్ వాళ్ళు కండ మూలకణాల్ని (పైన చెప్పిన శాటిలైట్ సెల్స్‌నే) సుమారు 12 కిలోపాస్కల్స్ గట్టిదనం ఉన్న జెల్ మీద పెంచారు, అంటే నిజం కండ ఎంత మెత్తగా ఉంటుందో అంత, అవి మళ్ళీ కండ కట్టే గుణాన్ని నిలబెట్టుకున్నాయి, అంతకి లక్ష రెట్లకు పైగా గట్టిగా ఉండే ప్లాస్టిక్ డిష్ మీద మాత్రం ఆ గుణం పోగొట్టుకున్నాయి. అదే కణం, తేడా అల్లా కింద ఉన్న మెత్తదనం! చదివిన ప్రతిసారీ మాకు ఒళ్ళు పులకరిస్తుంది.

గట్టిదనం ఒక్కటే కుదిరితే చాలదు, పోగులన్నీ ఒకే దిక్కుకి సాగాలి లేకపోతే కండ లాగలేదు, కొత్త కండ పుట్టే వేగంతోనే జెల్ కరగాలి. రక్తనాళానికి రెండు వెంట్రుకల మందం దాటి ఉన్న కణానికి ఆక్సిజన్ అందడం కష్టం, ఎలుక కాల్లో గెలిచిన జెల్ మనిషి తొడలో ఓడిపోయే ప్రమాదం ఉన్నది ఇక్కడే. నరం వచ్చి అతుక్కోకపోతే పుట్టిన కండ కూడా చిక్కిపోతుంది.

ఇంకో మాట. 2014లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో స్టీఫెన్ బాడిలాక్ బృందం కణాలు తీసేసిన పంది మూత్రాశయపు పొరల్ని కండ పోయిన ఐదుగురు రోగులకి పెట్టింది, అది జెల్ కాదు కానీ పని అదే, ముగ్గురికి చెప్పుకోదగ్గ బలం వచ్చింది. ఆపరేషన్ ముందు వారాల తరబడి ఫిజియోథెరపీ చేయించారు, తర్వాత రెండ్రోజుల్లోపే మళ్ళీ మొదలెట్టారు. మన దగ్గర కూలికెళ్తేగానీ పూట గడవనివాడు రోజూ బస్సెక్కి ఫిజియోథెరపీకి ఎలా వస్తాడు? జెల్ ఎంత గొప్పదైనా ఆ ఖర్చు లెక్కలో వేసుకోకపోతే వృథా అవుతుందని మా భయం.

మనవాళ్ళకి చేతకాక కాదు. హైదరాబాద్‌లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐఐటీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి 2022లో కార్నియాని (కంటి ముందుండే పారదర్శక పొర) 3డి ప్రింటర్‌తో ప్రింట్ చేసి కుందేలు కంట్లో పెట్టి చూపించాయి. డాక్టరూ ఇంజినీరూ బయాలజిస్టూ ఒకే ఊళ్ళో ఉన్నారు, అలాంటి జట్టే కండ కోసం కూడా కావాలి, అందులో ఫిజియోథెరపిస్టుని మొదటి రోజు నుంచే కూర్చోబెట్టాలి, ఎలుక దగ్గర ఆగిపోకుండా పెద్ద జంతువుల దాకా వెళ్ళే పనికి నిధులివ్వాలి. అంతకన్నా ముందు, ఇవాళే చేయగలిగింది ఒకటుంది, ట్రామా వార్డు రిజిస్టర్‌లో ఎముక గడి పక్కన ఇంకో గడి గీసి ఏ కండ, ఎంత పోయిందో రాయించండి.