వాక్యూమ్ వైపర్‌లో పెట్రోలు పోయమనే ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి

"వాక్యూమ్ వైపర్లు ఆడట్లేదా? మెకానిక్ అక్కర్లేదు, ఐదు నిమిషాల పని!" అని మొదలయ్యే మెసేజ్ మళ్లీ వచ్చింది. వాక్యూమ్ వైపర్ అంటే కరెంటుతో కాకుండా, ఇంజిన్ గాలి పీల్చే లాగుడుతో (అదే వాక్యూమ్) ఆడే పాత కార్ల వైపర్. పంపేవాళ్లంతా పాత కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లే, నా బాధంతా అదే. చదివి నవ్వుకుని వదిలేస్తే సరే, కానీ అందులో ఉన్నది ఉన్నట్టు చేసేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెబుతాను.

"ఎత్తు ఎక్కేటప్పుడు వైపర్లు నెమ్మదిస్తే మోటారు పోయినట్టే." ఏం పోలేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మ్యానిఫోల్డ్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో, వాక్యూమ్ పడిపోతుంది, దాంతోపాటే వైపర్ వేగం కూడా. కాలు తీయగానే మళ్లీ టపటపా కొట్టుకుంటుంది. అమెరికాలోని బఫెలోలో ఈ మోటార్లు తయారుచేసిన ట్రైకో కంపెనీకీ ఈ సంగతి తెలుసు, కార్లు చేసినవాళ్లకీ తెలుసు. అందుకే చాలా కార్లలో ఫ్యూయల్ పంపుకే వైపర్లకు వాక్యూమ్ అందించే ఇంకో డయాఫ్రమ్ (పైకీ కిందికీ ఆడే పల్చటి పొర) కలిపారు. అలాంటి పంపు ఉన్న కారులో ఎత్తు మీద వైపర్లు పూర్తిగా ఆగిపోతుంటే చూడాల్సింది ముందు ఆ పంపును, మోటారును కాదు.

"ఐడిల్ స్పీడు (కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెంచండి." ఎందుకు? మోటారుకు కావాల్సింది వాక్యూమ్. బాగున్న ఇంజిన్ ఐడిల్‌లోనే 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ ఇస్తుంది. వాక్యూమ్ గేజ్ పెట్టి చూడండి, అంత రాకపోతే లోపం ఇంజిన్‌లోనో, ఎక్కడో లీకులోనో ఉన్నట్టు. ఐడిల్ స్క్రూ తిప్పితే అది పోదు.

"పొడి అద్దం మీద ఆడించి చూడండి." వద్దు. రబ్బరు పట్టేస్తుంది, అద్దం మీద గీతలు పడతాయి. అద్దం తడపండి, అంతే.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన మాట. "మోటారు పైపు ఊడదీసి, ఆ రంధ్రంలో పెట్రోలు గానీ కార్బొరేటర్ క్లీనర్ గానీ పోసి, పైపు తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేయండి, మురికంతా కొట్టుకుపోతుంది." కొట్టుకుపోయి ఎక్కడికి వెళ్తుంది? ఆ పైపు రెండో కొస ఇంజిన్‌లోనే కదా ఉంది! వేడిగా ఉన్న ఇంజిన్ పక్కన నిలబడి పెట్రోలు ఒలకబోయమని చెప్పేవాడు ఒక్కసారైనా ఆ పని చేసి చూశాడా? సరే, మంటలేవీ రాలేదనుకుందాం. మోటారు లోపల ఏముందో ఒకసారి విప్పి చూడండి. కవర్ స్క్రూలు తీసి, గ్యాస్కెట్ (గాలి కారకుండా మధ్యలో వేసే పల్చటి అట్ట) చిరక్కుండా మెల్లగా పైకెత్తితే, అర్ధచంద్రాకారంలో ఒక గది, అందులో అటూఇటూ ఊగే ఒక ప్యాడిల్ కనిపిస్తాయి. పాత మోటార్లలో చాలావాటికి ప్యాడిల్ అంచుల చుట్టూ తోలు ఉంటుంది. గది గోడకు ఆ అంచు ఆనుకుని ఉన్నంతసేపే వైపర్‌కు బలం. పెట్రోలు పడిందంటే ఆ తోలులో ఉన్న కాస్త నూనె కూడా కడుక్కుపోతుంది. అంచులో రబ్బరు ఉంటే ఉబ్బుతుంది, లేదా పాడవుతుంది.

మరి "నాకు పనిచేసింది" అనేవాళ్లున్నారు కదా అంటారు. అవును, పనిచేసినట్టే ఉంటుంది. లోపల జిగురులా గట్టిపడ్డ పాత గ్రీజు కరిగి ప్యాడిల్ కొన్నాళ్లు సులువుగా ఊగుతుంది. ఆ తర్వాత తోలు అప్పడంలా బిర్రబిగిసి, అంచులు లోపలికి ముడుచుకుని, రెండు వైపులా గాలి కారడం మొదలవుతుంది. అప్పుడు మళ్లీ పెట్రోలు పోస్తారు!

చేయాల్సింది ఇది. ముందు లింకేజ్ (మోటారును వైపర్లకు కలిపే కడ్డీలు) విడదీసి, వైపర్ షాఫ్టులను చేత్తో తిప్పి చూడండి. చాలాసార్లు అవే ఎండిపోయి పట్టేసి ఉంటాయి, పాపం మోటారు తిట్లు తింటుంది. తర్వాత పైపు మొత్తం తడిమి చూడండి, ముఖ్యంగా కొసల దగ్గర పగుళ్లు. ఈ రెండూ బాగుంటేనే మోటారు విప్పాలి. పాత గ్రీజు గుడ్డతో తుడిచేసి, తోలు అంచులకు నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే, తోలుకు పట్టించే నూనె) వేళ్లతో పట్టించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి తోలు మెత్తబడి అంచులు విచ్చుకుంటాయి. బిగించాక పైపు తగిలించే రంధ్రాన్ని వేలితో మూసి ప్యాడిల్‌ను కదిపితే, సీలు బాగుంటే ఒక వైపుకు గట్టిగా ఎదురు లాగుతుంది. గది గోడకు తుప్పు పొక్కులుంటే మాత్రం ఏ నూనె వేసినా లాభం లేదు, వేరే మోటారు చూసుకోవాల్సిందే.

"బ్రేక్ ఫ్లూయిడ్ రెండు చుక్కలు" అనే సలహా కూడా ఉంది. ఒక్క చుక్క పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. వద్దు.

"వైపర్ పైపు మూసేస్తే నీలం పొగ తగ్గుతుంది" అన్నదాన్ని కూడా కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను, కానీ ఇది నిజం. పంపులో ఆ వైపర్ డయాఫ్రమ్ చిరిగితే ఇంజిన్ ఆయిల్ ఆ దారిన మ్యానిఫోల్డ్‌లోకి లాగేస్తుంది. పంపు నుంచి మ్యానిఫోల్డ్‌కు వెళ్లే పైపు మూస్తే పొగ ఆగిందంటే దొంగ దొరికినట్టే, పిస్టన్ రింగుల కోసం ఇంజిన్ విప్పే ఖర్చు తప్పుతుంది. అయితే మూయడం పరీక్ష మాత్రమే, డయాఫ్రమ్ మార్చడమే రిపేరు.

చివరిది, "మొదటి నుంచీ చెత్త డిజైన్, పారేసి ఎలక్ట్రిక్ పెట్టండి." చెత్తయితే 1920ల నుంచి 1970ల మొదట్లో దాకా కొత్త కార్లకు బిగించేవారు కాదు. అయినా వానలో, ట్రాఫిక్‌లో రోజూ నడిపేవాళ్లు ఎలక్ట్రిక్ పెట్టుకుంటానంటే నేను అడ్డు చెప్పను, కళ్లముందు దారి కనిపించడం ముఖ్యం. కొనేముందు మీ కారు 6 వోల్టులా 12 వోల్టులా, బ్యాటరీలో కారు బాడీకి కలిపింది (ఎర్త్) పాజిటివా నెగెటివా చూసుకోండి. పాత మోటారు తీశాక మ్యానిఫోల్డ్ వైపు రంధ్రం గట్టిగా మూసేయండి. ఆ మెసేజ్‌లో ఈ మాటే లేదు. అది తెరిచి వదిలేస్తే అక్కడి నుంచి గాలి లాగి ఇంజిన్ ఐడిల్‌లో కొట్టుకుంటుంది, అప్పుడు కార్బొరేటర్ మీద పడతారు.