సంగీత గురువును ఎంచుకొను విధము

రెండేళ్ళలో నలుగురు సంగీత గురువులను మార్చిన తండ్రిగా, తిరుపతి తల్లిదండ్రుల ప్రయోజనార్థం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు 1922లో తిరుమల కొండమీద వెలుగు చూసిన నాటి నుంచి, ఈ ఊరి నీళ్ళు తాగిన ప్రతి బిడ్డకూ పాట దానంతటదే వస్తుందని మాకొక గట్టి నమ్మకం. రాని పక్షంలో ఆ దోషం గురువుదే అవుతుంది గనుక, ఎంపికలో తొందర పనికిరాదు.

మొట్టమొదట చూడవలసింది దూరం. మా అమ్మాయికి కొర్లగుంటలో లెక్కల ట్యూషను అయిదున్నరకు ముగిసి, ఆరున్నరకు ఫిజిక్సు మొదలవుతుంది. ఆ నడిమి గంటలో స్కూటరు మీద చేరుకోలేని విద్వత్తు, అది బైరాగిపట్టెడలో ఉన్నా వైకుంఠంలో ఉన్నా, మా కుటుంబానికి అక్కరలేదు.

ఈ పరీక్షలో నెగ్గిన మొదటి గురువుగారిది ప్రైవేటు పాఠమే గానీ, అందులో పద్నాలుగు మంది పిల్లలుండేవారు. ఆడపిల్లల గొంతు సాధారణంగా అయిదు, అయిదున్నర శ్రుతిలో, అంటే ఆ ఎత్తున ఉన్న ఆధార స్వరంలో, హాయిగా పలుకుతుందని నాకు అప్పట్లో తెలియదు. ఆయనకు తెలిసి ఉండవచ్చు, కానీ అందరినీ మగగొంతుకు సరిపోయే తన ఒకటిన్నర శ్రుతికే కట్టేశారు. మంద్రస్థాయిలో, అంటే కింది స్థాయిలో, పంచమానికి ('ప' స్వరానికి) దిగేసరికి మా అమ్మాయి నోట గాలి తప్ప స్వరం వచ్చేది కాదు. నేను దాన్ని గమకం, అంటే స్వరాన్ని అందంగా ఊపడం, అనుకుని వీడియో తీసి బంధువులందరికీ పంపాను.

రెండవ గురువుగారు మా పక్కింటివారే. వారి తెల్లవారుజాములన్నీ అమెరికా పిల్లలకు అంకితమైపోయినందువల్ల మాకు ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల వేళ దక్కింది, అది కూడా ఆన్‌లైన్‌లోనే. ఆయన పాడిన స్వరం ముందు కిటికీలోంచీ, కాసేపటికి ఫోనులోంచీ వినబడేది. ఏ స్వరాన్ని అనుసరించాలో తేల్చుకోలేక అమ్మాయి రెండింటికీ మధ్యలో పాడేది.

మూడవవారు నిజంగా ఆదర్శప్రాయులు. స్వరాల తొలి పాఠాలైన సరళీవరుసల జోలికే పోకుండా మూడవ వారంలో కీర్తన, ఆరవ వారంలో పట్టులంగాతో వేదిక, ఏడవ వారంలో శాలువా. ఆ శాలువా ఖర్చు నా వంతుకు రావడం ఒక్కటే ఇబ్బంది.

నాలుగవ ఆమె వయసు మళ్ళిన మనిషి, పద్ధతి బొత్తిగా తెలియని మనిషి. మొదటి రోజు పాఠమే చెప్పలేదు. పిల్లచేత షడ్జం, అంటే 'స' స్వరం, పట్టించి, శ్రుతిపెట్టె అరమెట్టు పైకి, మరో అరమెట్టు పైకి జరుపుతూ గంటసేపు వింటూ కూర్చున్నారు. ఆ తరువాత ఏడు నెలలు మాయామాళవగౌళ రాగంలోనే సరళీవరుసలు, జంటవరుసలు, ప్రతిదీ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. ఇలాంటి మూల రాగాలు, అనగా మేళకర్తలు, 72; ఒక్కో దానికి ఏడు నెలల చొప్పున 504 నెలలు, అనగా 42 సంవత్సరాలు. పన్నెండేళ్ళ మా అమ్మాయికి అప్పటికి యాభై నాలుగు నిండుతాయి. పెళ్ళివారికి ఏం పాడి వినిపించాలి?

ఈ లెక్క కాగితం మీద వేసుకుపోయి ఆమె ముందుంచాను. ఆమె చదవలేదు. "కూర్చో నాయనా, పిల్ల పాడుతుంది, నువ్వు ఆదితాళం వెయ్యి" అన్నారు. ఇంతేకదా అని తొడ మీద ఒక దెబ్బ వేసి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు లెక్కించి, అంతటితో ఆగకుండా చూపుడు వేలు కూడా ఆనించాను. ఆ పైన రావలసిన నాలుగు దెబ్బలతో కలిపి ఎనిమిది కావలసిన తాళం తొమ్మిదయింది. అమ్మాయి పాట ఆపకుండానే చెయ్యి చాచి నా చూపుడు వేలిని మెల్లగా మడిచింది.

ప్రస్తుతం అయిదవ గురువు కోసం వెతుకుతున్నాను. ఇల్లు దగ్గరగా ఉండాలి, బండి నిలపడానికి నీడ ఉండాలి, తండ్రులచేత తాళం వేయించే అలవాటు ఉండకూడదు. అమ్మాయి మాత్రం కావాలంటే ఫిజిక్సు మాస్టారిని మార్చుకోమంటోంది.