కేతిగాడికి కోత పెట్టకండి

సంక్రాంతికో ఉగాదికో తోలుబొమ్మలాట పెట్టిద్దామని ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం కమిటీలో మాట వస్తే చాలు, వెనకే ఇంకో మాటా వస్తుంది: "ముప్పావుగంటలో సుందరకాండ ఆడించండి, ఆ కేతిగాడి గోల వద్దు." కేతిగాడంటే ఆటలో నవ్వించే బొమ్మ. పిల్లలకు వాడి రాయలసీమ యాస అర్థం కాదట, పెద్దలకు ఆ హాస్యం మోటట.

నాకిది తలకిందుల లెక్కలా ఉంది. రామాయణం పిల్లలకు యూట్యూబ్‌లోనూ దొరుకుతుంది. కేతిగాడు ఎక్కడ దొరుకుతాడు? తెర మీద మనిషెత్తు రావణుడు రాగం తీస్తుంటే మధ్యలో దూరి, ఆ ఊరి మాటలో ఆ ఊరి సంగతి ఎత్తుకునేవాడు వాడు. తెల్లవార్లూ సాగే ఆటలో నిద్రమత్తు వదలగొట్టేదీ, పిసినారి పెద్దమనిషికి పేరెత్తకుండా చురక పెట్టేదీ కేతిగాడూ, వాడి జోడీ బంగారక్కే. ఆటగాళ్ళు పద్యాలు తీసుకునే రంగనాథ రామాయణంలో వీళ్ళ గొడవ ఉండదు. ఊరిని బట్టి ఆటగాడే అప్పటికప్పుడు అల్లుకోవాలి. తెలంగాణ చిందు యక్షగానంలో బుడ్డర్‌ఖాన్ అనే హాస్యగాడు చేసేదీ దాదాపు ఇదే.

పైగా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలు పలచన చేసి, రంగులద్ది, చిల్లులు పొడిచి ఈ బొమ్మలు చేసే కుటుంబాల ఇంటిభాష మరాఠీ. 2020 పద్మశ్రీ పురస్కారం అందుకున్న తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. తరాల కిందట వలస వచ్చినవాళ్ళు సీమ యాస నేర్చి సీమవాళ్ళనే నవ్విస్తున్నారు. వలస వచ్చిన మనమేమో మన పిల్లలకు ఆ యాస ఎక్కదని ముందే తీర్పు చెప్పేస్తున్నాం.

మోటుదనం ఉంది, కాదనను. బంగారక్కను తన్నడమే నవ్వులాటగా నడిచే ఘట్టాలు ఇక్కడ ఆడమని నేనూ అడగను. ఎదుట కూర్చున్న జనాన్ని బట్టి మాట మార్చుకోవడం ఆటగాళ్ళకు తెలుసు, చెబితే వింటారు. మనం మాత్రం బూతు తీయమని మొదలుపెట్టి యాసను కూడా కడిగేయిస్తున్నాం. వార్తలు చదివే తెలుగులో బంగారక్క తిడితే ఎవరికి నవ్వొస్తుంది?

బృందం దిగిన రోజు సాయంత్రమే వాళ్ళను కూర్చోబెట్టి మన కబుర్లు చెప్పండి. గ్రీన్‌కార్డు ఎదురుచూపులు, పాట్‌లక్‌కు పదిమందీ పులిహోరే తేవడం, అధ్యక్ష పదవి కోసం చీలిన సంఘాలు (మన సంఘం కథ కూడా చెప్పండి, దాచేదేముంది). అవి కేతిగాడి నోట సీమ మాటలోనే రానివ్వండి: "ఏమప్పా పెసిడెంటూ, మైకు ఇడిసేదెప్పుడు, కూడు పెట్టేదెప్పుడు?"

టైము చాలదంటారా? స్పాన్సర్ల సన్మానాలకు ఇచ్చిన గంటలోంచి కోయండి.