పీక లేని సిగరెట్టు

సిగరెట్టులో అన్నిటికన్నా ఆరోగ్యకరమైన భాగం పీక. ఇన్నేళ్ళుగా దాని సేవను గుర్తించినవాళ్ళు లేరు. పది పన్నెండు దమ్ములయ్యాక వేళ్ళకు సెగ తగిలించి "ఇక చాలు, పోయి పని చూసుకో" అని చెప్పేది అదొక్కటే. భార్య చెప్పినా, డాక్టరు చెప్పినా, పెట్టె మీద 85 శాతం మేర అచ్చేసిన కుళ్ళిన గొంతు చెప్పినా వినని మనిషి, పీక మాట మాత్రం ఇరవై ఏళ్ళుగా జవదాటడం లేదు. అలాంటి పీకను పీకేసి, ఆ చోట బ్యాటరీ పెట్టి, ఇదే విముక్తి మార్గమంటున్న ఈ-సిగరెట్టు గురించి పొగరాయుళ్ళ క్షేమం కోరి నాలుగు మాటలు మనవి చేయక తప్పడం లేదు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ యంత్రం పని చేస్తుంది. ఇంగ్లండులో 886 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నికోటిన్ గమ్ము, ఒంటికి అంటించుకునే నికోటిన్ పట్టీల వంటివి, రెండో జట్టుకు ఈ-సిగరెట్టు ఇచ్చి చూశారు. 2019లో లెక్క తేలింది. ఏడాది తిరిగేసరికి సిగరెట్టు మానేసి ఉన్నవాళ్ళు మొదటి జట్టులో 9.9 శాతం, యంత్రం జట్టులో 18 శాతం. ఇక్కడితో ఆపితే యంత్రానికి సన్మానం చేయొచ్చు. కానీ ఆ మానేసినవాళ్ళలో గమ్మూ పట్టీలూ ఇంకా వాడుతున్నది 9 శాతమైతే, యంత్రాన్ని ఇంకా పీలుస్తున్నది 80 శాతం. అద్దె ఇల్లు ఖాళీ చేసినవాడు సొంతింటికి పోలేదు, పక్క వాటాలో దిగాడన్నమాట. ఆ వాటా కాస్త గాలీ వెలుతురూ ఉన్నదే. తారు లేదు, కార్బన్ మోనాక్సైడు లేదు. ఇంటి యజమాని మాత్రం ఆ నికోటినే.

ఇక ఆ వాటాలో దిగడానికి కావలసిన అర్హతలు చూద్దాం. సిగరెట్టు తాగడానికి అగ్గిపుల్ల గీయడం వస్తే చాలు. యంత్రానికి కొంచెం ఎలక్ట్రికల్, కొంచెం కెమిస్ట్రీ, బోలెడు ఓపిక ఉండాలి. బ్యాటరీ, పాడ్ అనే చిన్న తొట్టె, అందులో దూది వత్తి చుట్టూ తీగ చుట్టిన కాయిల్, పైన నోట్లో పెట్టుకునే ముక్కు. తొట్టెలో పోసే ద్రవం పేరు జ్యూస్, అందులో ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, నికోటిన్, ఏదో ఒక పండు వాసన. బ్రిటన్‌లో 2016 నుంచి చట్టం ప్రకారం తొట్టె 2 మిల్లీలీటర్లు, సీసా 10 మిల్లీలీటర్లు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి అమ్మనివ్వడం లేదు. కాబట్టి అక్కడ ఉన్న మనవాళ్ళు మానడం మొదలుపెట్టాలంటే ముందు మెకానిక్కు కావలసిందే.

మొదటి ప్రమాదం మొదటి ఐదు నిమిషాల్లోనే జరుగుతుంది. కొత్త కాయిల్ వేసి, జ్యూస్ పోసి, ఆత్రం పట్టలేక వెంటనే లాగుతాడు. దూది ఇంకా తడవలేదు. తీగ ఎర్రబడి దూదిని మాడ్చేస్తుంది. గొంతులో కాలిన గోనెసంచి దిగుతుంది. ఒకసారి మాడిన దూది మళ్ళీ బాగుపడదు, ఆ కాయిల్ చెత్తబుట్టకే. జ్యూస్ పోశాక పది నిమిషాలు కదపకుండా ఉంచాలని డబ్బా మీద రాసే ఉంటుంది గానీ, పది నిమిషాలు ఆగగలిగినవాడికి ఈ యంత్రంతో పనేముంది?

రెండోది జ్యూస్ చిక్కదనం. ఒక ఓము అటూ ఇటూగా రెసిస్టెన్సు ఉన్న చిన్న కాయిల్‌కు గ్లైకాలూ గ్లిజరినూ సగం సగం ఉన్న జ్యూస్ సరిపోతుంది. దుకాణంలో కుర్రాడు మేఘాలు వదలడం చూసి మోజుపడి, గ్లిజరిన్ 70 శాతం ఉన్నది తెచ్చి ఇందులో పోస్తే అది పాకంలా వత్తిలోకి ఎక్కదు, మళ్ళీ మాడు వాసనే. మామిడి, బబుల్‌గమ్ లాంటి తీపి రకాలైతే కాయిల్ మీద పంచదార అడుగంటినట్టు నల్లగా పేరుకుంటాయి. రెండు వారాలు రావలసిన కాయిల్ వారంలో చస్తుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు మాత్రం పొదుపు గుణం వల్ల జరుగుతుంది. రోజుకు పెట్టె తాగేవాడు "ఎలాగూ మానేస్తున్నాం కదా" అని మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల నికోటినే ఉన్న సీసా కొంటాడు. బిర్యానీ మానేస్తున్నాను కాబట్టి ఇకనుంచి గంజే అన్నట్టు. నికోటిన్ చాలక, సాయంత్రానికి అటు యంత్రం పీలుస్తూనే ఇటు సిగరెట్టు వెలిగిస్తాడు. అంత అలవాటున్నవాడు 18, 20 దగ్గర మొదలుపెట్టి, సిగరెట్టు పూర్తిగా వదిలాకే నెలల మీద తగ్గించుకుంటూ రావాలి. లాగే తీరు కూడా వేరు. సిగరెట్టులా గబగబా రెండు దమ్ములు కాదు, మూడు నాలుగు సెకన్లు నెమ్మదిగా. నికోటిన్ సిగరెట్టు కన్నా కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది. మొదటి వారం దగ్గొస్తుంది, నోరు పిడచగట్టుకుపోతుంది, నీళ్ళు బాగా తాగాలి.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడి ఆనందం చూడాలి. "ఇరవై నుంచి ఐదుకు దించాను" అని మీసం మెలేస్తాడు. గుండెకు ఈ బేరం తెలియదు. రోజుకు ఒక్కటే తాగేవాడికి గుండెజబ్బు అదనపు ముప్పు, ఇరవై తాగేవాడికి ఉన్నదాంట్లో సగం దాకా ఉంటుందని 2018లో తేలింది. ఇరవైలో ఒకటో వంతు కాదు, సగం. సున్నాకు దిగితేగాని లెక్క కుదరదు.

సున్నాకు దిగినవాడికి పీక బెంగ మొదలవుతుంది. యంత్రానికి ఆఖరి దమ్ము అంటూ లేదు. మంచం మీద, స్నానాల గదిలో, వీడియో మీటింగులో కెమెరా ఆపి, ఒక దమ్ము ఇప్పుడు, ఒకటి కాసేపాగి. వెనకటివాడు చలిలో బయటికెళ్ళి తాగి వచ్చేవాడు, ఆ నడకైనా ఉండేది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పున్న కొసను నోట్లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలకు కూడా చుట్ట అయిపోయిందన్న సంగతి అంగిలి చుర్రుమని చెబుతుంది. (ఆ అంగిట్లోనే తర్వాత కేన్సర్ వస్తుందనుకోండి.)

ఇక స్వదేశానికి వద్దాం. మన ప్రభుత్వం ఈ పీక సమస్యను మొదలంటా పరిష్కరించింది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. ఈ-సిగరెట్టు తయారుచేయరాదు, దిగుమతి చేయరాదు, అమ్మరాదు, రవాణా చేయరాదు, ప్రచారం చేయరాదు. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళు, ఐదు లక్షలు. నిల్వ ఉంచితే ఆరు నెలలు, 50 వేలు. పీల్చడం నేరమని మాత్రం రాయలేదు. కొనకుండా, తేకుండా, దాచకుండా ఆకాశం నుంచి నేరుగా నోట్లో పడితే నిశ్చింతగా పీల్చుకోవచ్చు.

అలా పడుతూనే ఉన్నాయి కూడా. చాటుమాటుగా అమ్మే వాటి మీద "5 శాతం" అని చిన్నగా ఉంటుంది. ఐదే కదా అనిపిస్తుంది. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు, బ్రిటన్ పరిమితికి రెండున్నర రెట్లు. అదైనా నిజమో కాదో చూసే నాథుడు లేడు, నిషేధించిన సరుకును తనిఖీ చేయడం చట్టవిరుద్ధాన్ని గౌరవించినట్టవుతుంది కదా.

అసలు సిగరెట్టుకు ఈ బాధలేమీ లేవు. దానికి రాజమండ్రిలో 1947 నుంచి పరిశోధన కేంద్రం, గుంటూరులో 1976 నుంచి బోర్డు, ప్రకాశం జిల్లా పొగాకుకు వేలం కేంద్రాలు. కిళ్ళీ కొట్టులో దారానికి లైటరు కట్టి మరీ ఉంచుతారు. లూజు కొంటే ఆ 85 శాతం బొమ్మ చూసే శ్రమ కూడా తప్పుతుంది.

మానాలనుకునే దేశభక్తుడికి గమ్ము ఉంది. నిద్ర లేచిన అరగంటలో వెలిగించేవాడికి 4 మిల్లీగ్రాములది, ఆగగలిగినవాడికి 2. మొదటి ఆరు వారాలు గంటా రెండు గంటలకొకటి, రోజుకు 24 మించకుండా, ఆ పైన తగ్గించుకుంటూ పన్నెండు వారాలు. నమలడం కాదు, నోట్లో చురుక్కుమనేదాకా నెమ్మదిగా కొరికి చిగురుకూ బుగ్గకూ మధ్య దాచిపెట్టాలి. మామూలు గమ్ములా నమిలేస్తే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్ళు. వేసుకునే ముందు పావుగంట టీ, కాఫీ ముట్టుకోకూడదు. సిగరెట్టు టీతోనే తాగాలి, గమ్ము టీ లేకుండానే వేసుకోవాలి. తెలుగువాడు ఎటు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు.

చివరగా, లండన్‌లో రెండేళ్ళుగా సిగరెట్టు ముట్టకుండా యంత్రంతో నెట్టుకొస్తూ సంక్రాంతికి వచ్చేవాళ్ళకు ప్రయాణ సూచనలు. బ్యాటరీ ఉంది కాబట్టి విమానంలో పెద్ద పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. పైకెళ్ళాక గాలి ఒత్తిడి మారి జ్యూస్ కారుతుంది, తొట్టె ఖాళీ చేసి ఎక్కాలి. ఇంత జాగ్రత్తగా తెచ్చాక శంషాబాద్‌లో కస్టమ్సు వాళ్ళు దాన్ని తీసేసుకుంటారు, అది దిగుమతి నేరం. కంగారు పడకండి, అదే బల్ల మీదుగా 100 సిగరెట్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఊళ్ళో భోజనాలయ్యాక నికోటిన్ లేక తల పగిలిపోతుంటే మామయ్య పెరట్లోకి పిలుస్తాడు.

"ఏరా అల్లుడూ, మానేశావటగా! ఒక్కటేరా, సగం నువ్వు, సగం నేను. పీక దాకా తాగొద్దులే."