వాగు లెక్క రాసే విద్యార్థికి వేసవి జీతం ఇవ్వాలి

పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో ఏ మందు ఎంత ఉందో 2007లో ప్రపంచానికి తెలిసింది. లెక్కగట్టింది స్వీడన్ శాస్త్రవేత్తలు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధిచేశాక వదిలిన ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఇది ఎక్కువ. పటాన్‌చెరు మీద మనవాళ్లు పనిచేయలేదని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) అక్కడి భూగర్భజలాలను పరిశీలించింది, రైతులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. కానీ ప్రపంచం ఉలిక్కిపడిన ఆ ఒక్క అంకె మాత్రం స్వీడన్ నుంచే రావాల్సి వచ్చింది. పక్కనే హైదరాబాద్‌లో ఇన్ని విశ్వవిద్యాలయాలు ఉండగా ఇలా ఎందుకు జరిగిందన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న.

మన పిల్లలకు తెలివి లేక కాదు. వేసవిలో వాగు ఒడ్డున రెండు నెలలు తిరగడానికి వాళ్ల చేతిలో డబ్బులు లేక. పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్న ఓ విద్యార్థి ప్రాజెక్టు పుస్తకం ఈమధ్య చూశాను. ఊరి చెరువులో తూము దగ్గర, అలుగు దగ్గర, మురుగు కలిసేచోట నీళ్లు పట్టాడు. పీహెచ్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) గడులు నిండుగా ఉన్నాయి, ఎందుకంటే వాటికి చేతిలో పట్టుకునే చిన్న మీటర్ సరిపోతుంది. సీసం, పాదరసం గడులు ఖాళీ. ల్యాబ్‌లో ఒక్కో పరీక్షకు ఒక్కో ఫీజు మరి. మే నెల పేజీ అసలు లేనే లేదు. ఆ నెలంతా అతను పెళ్లిళ్లలో క్యాటరింగ్ పనికి వెళ్లాడు. సెలవులని హాస్టల్ మెస్ మూసేస్తే ఇంకేం చేస్తాడు?

పర్యావరణం చదివేవాడికి వేసవి సెలవుల కాలం కాదు, అసలు పని కాలం. కొల్లేరు కుంచించుకుపోయి చేపల చెరువుల గట్లు ఎక్కడిదాకా వచ్చాయో కంటికి కనిపించేది అప్పుడే. నల్లమలలో మంటలు లేచేదీ, మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు కడలిలోకి పోయేదీ ఎండలు ముదిరే ఆ నెలల్లోనే. 2015 వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోతే అందులో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవాళ్లే. వాళ్లలో ఉపాధి కూలీలెందరు, రేకుల ఇళ్లలో పడుకున్నవాళ్లెందరు, ఏ గంటలో పడిపోయారు అని ఊరూరా తిరిగి రాసుకునే పని ఎవరిది? కాలుష్య నియంత్రణ మండళ్లదా? దేశమంతటా కలిపి చూస్తే వాటిలో సగానికి దగ్గరగా పోస్టులు ఖాళీ.

అమెరికాలోని హడ్సన్ నది కథ మన ప్రభుత్వాలు తప్పక చదవాలి. న్యూయార్క్‌కు ఎగువన స్టార్మ్ కింగ్ కొండ దగ్గర కాన్ ఎడిసన్ కంపెనీ తలపెట్టిన విద్యుత్ కేంద్రం మీద జనం 17 ఏళ్లు కొట్లాడారు. 1980 చివర్లో రాజీ కుదిరి కంపెనీ ప్రాజెక్టును వదులుకుంది. జనం అంతటితో ఊరుకోలేదు. ఆ నది నీళ్లు వాడుకునే విద్యుత్ కంపెనీలు 1.2 కోట్ల డాలర్లు మూలనిధిగా పెట్టాలని, దానితో నది మీద పరిశోధన జరగాలని ఒప్పందంలోనే రాయించుకున్నారు. అలా పుట్టిందే హడ్సన్ రివర్ ఫౌండేషన్. రాష్ట్ర పర్యావరణ శాఖతో కలిసి అది టైబర్ పోల్గర్ పేరుతో వేసవి ఫెలోషిప్‌లు ఇస్తూ వస్తోంది. డిగ్రీ, పీజీ విద్యార్థులు జీతం తీసుకుని నదిలో దిగుతారు. చేపలు, బురద, నాచు, రసాయనాలు, ఎవరి అంశం వాళ్లది. వాళ్ల నివేదికలు అచ్చవుతాయి, ఎవరైనా చదవొచ్చు. నదిని వాడుకున్నవాడి డబ్బు నదిని చదివేవాడికి చేరింది. ఇందులో దానధర్మం ఏమీ లేదు.

ఇక్కడ డబ్బెక్కడిదంటారా? 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి లీకైన మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ డబ్బు బాధితులదీ ఆ ప్రాంతానిదీ, అందులో వాటా నేనడగను. లెక్క కోసమే చెబుతున్నా. అంత మూలనిధి మీద 6 శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి 3 కోట్లు. ఒక్కో విద్యార్థికి నెలకు 20,000 చొప్పున రెండు నెలలు, పరీక్షలకూ ప్రయాణాలకూ ఇంకో 10,000 వేసుకున్నా ఏటా 600 మంది అవుతారు. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) పనులకు పెట్టాలి, పర్యావరణం ఆ జాబితాలోనే ఉంది. మొక్కలు నాటి ఫొటో దిగే బదులు ఇక్కడ పెట్టమనండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలకే దిక్కులేదు, కొత్త స్టైపెండ్లా అని కొందరంటారు. బకాయిలు తీర్చాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ నేను చెప్పే డబ్బు ఖజానాది కాదు, కంపెనీలది. ఉన్న పథకాలు చాలవా అని అడిగేవాళ్లూ ఉన్నారు. పీఎం ఇంటర్న్‌షిప్ 2024లో మొదలైనప్పుడు ఫుల్‌టైమ్ చదివేవాళ్లకు, పీజీ పూర్తిచేసినవాళ్లకు అందులో చోటే ఇవ్వలేదు. మూడు జాతీయ సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్ మంచిదే గానీ, అది పిల్లల్ని పెద్ద ల్యాబ్‌కు పంపుతుంది, ఊరి చెరువు దగ్గరికి కాదు.

అసలు సంగతి స్టైపెండ్‌ను దాటి ఉంది. ఒక ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ జరిగే చోటికి వెళ్లి చూడండి. టెంటు కింద కలెక్టర్ పక్కన లావుపాటి నివేదిక ఉంటుంది. ఫ్యాక్టరీ వల్ల పర్యావరణానికి ఏమవుతుందో ముందే అంచనా వేయాలన్న కేంద్రం 2006 నోటిఫికేషన్ కింద దాన్ని తయారుచేసే కన్సల్టెంట్‌కు డబ్బిచ్చేది ఆ ఫ్యాక్టరీ యజమానే. చాలాసార్లు అందులో ఉండేది ఒక్క సీజన్ లెక్కలు. మైకు అందుకున్న రైతు మా బోరు నీళ్లు వాసనొస్తున్నాయంటాడు. ఆధారం ఏదని అడుగుతారు. అతని దగ్గర బోరుంది, ముక్కుంది, కాగితం లేదు. అదే ఐదు వేసవులు వరసగా ఆ బోరు నీళ్లు పట్టి రాసిన విద్యార్థి పుస్తకం ఉంటే ఆ టెంటు కింద మాట మారిపోతుంది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద సుప్రీంకోర్టు బుల్డోజర్లను ఆపినప్పుడు, అది ఉత్త పొదలు కాదు, అడవి అని చూపించడానికి అక్కడి పక్షుల జాబితాలున్నాయి. పైసా తీసుకోకుండా విద్యార్థులు, పక్షి ప్రేమికులు ఏళ్లుగా రాసుకున్నవవి. పక్కనే యూనివర్సిటీ ఉంది కాబట్టి అక్కడ సాధ్యమైంది. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో, పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు పక్కన ఎవరు రాస్తారు?

పథకం పెడితే షరతులు గట్టిగా ఉండాలి. డబ్బు కంపెనీది, కానీ ఏ వాగు, ఏ పరీక్ష అన్నది విశ్వవిద్యాలయం తేల్చాలి. సగం సీట్లు జిల్లా విశ్వవిద్యాలయాలకు పోవాలి. ఎంపిక జనవరిలోనే ముగియాలి, మెస్ మేలో తెరిచి ఉండాలి, డబ్బు నెలనెలా పడాలి. వచ్చిన అంకెలు తెలుగులో ఆ ఊరి పంచాయతీ గోడ మీద అతికించాలి, కంపెనీకి నచ్చినా నచ్చకపోయినా.